మన సీమ నుంచి లా, ఇంటర్నేషనల్ బిజినెస్ కలిపి చదవాలంటే ఎలా

ఇంటర్ పరీక్షలు అయిపోతానే ఇంట్లో మొదలయ్యే మాట ఒకటుంది, లా ఒక కోర్సు, బిజినెస్ ఇంకో కోర్సు, రెండూ కలిపి నెత్తినెత్తుకుంటే పిల్లోడు తట్టుకుంటాడా అని. తట్టుకుంటాడు. నేను అనంతపురంలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, తర్వాత బిజినెస్ డిగ్రీ, లా డిగ్రీ కలిపిచ్చే అయిదేళ్ళ బీబీఏ ఎల్‌ఎల్‌బీలో ఇంటర్నేషనల్ బిజినెస్ తీసుకుని పూర్తి చేసినా, మొదటి రెండేళ్ళు నానా తిప్పలు పడినా, అయితే ఆ తిప్పల్లో సగం సిలబస్ వల్ల కాదు, లా పుస్తకాలు ఒక అరలో బిజినెస్ పుస్తకాలు ఇంకో అరలో పెట్టుకుని వాటికి సంబంధమే లేనట్టు చదవడం వల్ల వచ్చినవి. మూడో ఏట నుంచి పద్ధతి మార్చుకున్నా. ఆ పద్ధతే మీకు వరుసగా చెప్తా.

ముందు దారి తేల్చుకోండి

మూడు దార్లున్నాయి. ఇంటర్ కాగానే నేరుగా అయిదేళ్ళ బీబీఏ ఎల్‌ఎల్‌బీ ఒకటి. మన ఊళ్ళోనే బీకామో బీబీఏనో చేసేసి ఆ తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేయడం రెండోది, దీనికి ఒక ఏడాది ఎక్కువ పడుతుంది గానీ ఇంటి నుంచే చదువుకోవచ్చు, ఫీజు కూడా బాగా తగ్గుతుంది. మూడోది ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఇచ్చే డబుల్ డిగ్రీ. మూడోదానికి ఉత్సాహపడే ముందు ఒక్కటి గుర్తు పెట్టుకోండి, అక్కడి లా డిగ్రీతో తిరిగొచ్చి ఇక్కడ కోర్టులో నిలబడాలంటే ఆ యూనివర్సిటీని లాయర్లకి, లా చదువుకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించి ఉండాలి, దాని మీద మళ్ళీ బార్ కౌన్సిల్ పెట్టే క్వాలిఫైయింగ్ పరీక్ష పాసవ్వాలి. లక్షలు కట్టినాక తెలుసుకునే విషయం కాదు ఇది.

ఇంకో మాట చాలామంది పొరబడుతున్నారు. 2022లో యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చు అన్నది కదా, అట్లయితే పొద్దున లా కాలేజీ, ఇంకో చోట రెగ్యులర్ ఎంబీఏ చేసుకుంటా అని. లా విషయంలో అట్లా కుదరదు, బార్ కౌన్సిల్ 2008 రూల్స్ ప్రకారం రెగ్యులర్ లా కోర్సులో ఉండగా ఇంకో రెగ్యులర్ డిగ్రీలో చేరకూడదు. రెండూ కావాలంటే ఇంటిగ్రేటెడ్ కోర్సులోనే చేరాలి, లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి చేయాలి.

అయిదేళ్ళ కోర్సుకి ఇంటర్‌లో జనరల్ వాళ్ళకి 45 శాతం, ఓబీసీకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 ఉండాలి. చేరబోయే కాలేజీకి బార్ కౌన్సిల్ అప్రూవల్ ఈ ఏడాదికి ఉందా లేదా మీరే చూసుకోండి, బ్రోచర్ మీద ఉన్నది నమ్మొద్దు, ఆఫీసులో లెటర్ చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, అయిదేళ్ళు మీవి.

ఎంట్రన్స్

నేషనల్ లా యూనివర్సిటీలకి పెట్టే క్లాట్ అయితే రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు పోతుంది, మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ప్రతిదీ ఒక పేరా ఇచ్చి దాని కింద ప్రశ్నలు అడుగుతారు కాబట్టి ఇది లా తెలిసినోడికి కాదు, వేగంగా చదివి అర్థం చేసుకునేవాడికి పెట్టిన పరీక్ష. మన రాష్ట్రంలోని లా కాలేజీలకి పెట్టే లాసెట్ అయితే 90 నిమిషాలు, 120 మార్కులు, నెగటివ్ లేదు, తెలుగులో కూడా ప్రశ్న ఉంటుంది, అందులో సగం మార్కులు లా ఆప్టిట్యూడ్‌వి, మిగతా సగం జీకే, కరెంట్ అఫైర్స్. మన పిల్లలు లాసెట్ ఉంది కదా అని క్లాట్ వైపే చూడరు. చూడండి. గాంధీనగర్, కటక్ నేషనల్ లా యూనివర్సిటీల్లో బీబీఏ ఎల్‌ఎల్‌బీ ఉంది, వాటికి క్లాటే దారి. విశాఖలో ఉన్న నేషనల్ లా యూనివర్సిటీకి పెట్టింది మన కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారి పేరే, అక్కడికి మన కర్నూలు పిల్లలు ఎంతమంది పోతే అంత సంతోషం నాకు.

క్లాట్‌కి రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదివి, పేపర్ మూసి, అందులో రాసినాయన ఏమంటున్నాడో తెలుగులో నాలుగు మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే చదవలేదన్నట్టే. ఆరు నెలలు ఇది ఒక్కటి చేస్తే మిగతాది మాక్ టెస్టులతో సరిపోతుంది.

బేర్ యాక్ట్ అంటే భయం పోవాలి

బేర్ యాక్ట్ అంటే వ్యాఖ్యానాలేమీ లేని అసలు చట్టం పుస్తకం. చేరినాక మొదటి దెబ్బ ఇంగ్లిష్ కాదు, చట్టం రాసే ఇంగ్లిష్. ఒకే వాక్యం ఏడు లైన్లు సాగుతుంది, మధ్యలో అయితే, తప్ప, లేనియెడల అని మెలికలు. తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్ళు ఇక్కడ గైడ్లు కొనుక్కుని కంఠతా పడతారు, నేనూ అదే చేసినా, మొదటి సెమిస్టర్ కాంట్రాక్ట్స్ పేపర్లో నిర్వచనాలన్నీ అచ్చుగుద్దినట్టు రాసినా మార్కులు రాలేదు, ఎందుకంటే ప్రశ్నలో ఇచ్చిన కథకి ఆ నిర్వచనం ఎట్లా అతుకుతుందో ఒక్క లైను కూడా రాయలేదు.

రోజుకి ఒక్క సెక్షన్ తీసుకోండి. ఇండియా కోడ్ సైట్లో బేర్ యాక్టులన్నీ ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో రెండుసార్లు చదివి, ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పి, మళ్ళీ మీ సొంత ఇంగ్లిష్‌లో మూడు లైన్లు రాయండి. నేను మా అమ్మకి చెప్పేవాణ్ణి, ఆమె చెనక్కాయలు ఒలుస్తా వినేది. కాంట్రాక్ట్ యాక్ట్ 73వ సెక్షన్ చెప్పినా ఒకరోజు, మాట తప్పినోడు ఎంత నష్టం కట్టాలి అని. మామూలుగా జరిగే నష్టం కట్టాలి, లేదా ఒప్పందం రోజే ఇద్దరికీ తెలిసిన నష్టం కట్టాలి, ఎక్కడో దూరంగా జరిగింది కట్టక్కర్లేదు అన్నా. "అంటే పెళ్ళి ఉందని ముందే చెప్పి చీరకి అడ్వాన్సు ఇస్తే ఒకటి, చెప్పకుండా ఇస్తే ఒకటి అన్నమాట" అనింది. 1854లో హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసులో ఇంగ్లండ్ జడ్జీలు చెప్పింది కూడా అదే, అక్కడ లేటుగా చేరిన మిల్లు షాఫ్టు, ఇక్కడ ధర్మవరం చీర. ఆ రోజు నుంచి ఆ సెక్షన్ నాకు మళ్ళీ చదవాల్సిన పని పడలేదు.

ఇంకొకటి, పాత నోట్సు జాగ్రత్త. సీనియర్లు ఇచ్చే క్రిమినల్ లా నోట్సు ఐపీసీ సెక్షన్లతో ఉంటుంది, 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల చోట న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చేసినాయి, నంబర్లన్నీ మారినాయి.

ఒక సరుకు పట్టుకోండి

అసలు చెప్పాలనుకున్నది ఇదే. అయిదేళ్ళకి ఒకే ఒక సరుకు ఎంచుకోండి, మీ ఊరి నుంచి బయటి దేశానికి పోయేది, లా, బిజినెస్ పాఠాలు రెండూ దాని మీదే పెట్టి చదవండి. కడప వాళ్ళకి కేపీ ఉల్లి ఉంది, సింగపూర్ మలేషియాలకి పోయే చిన్న ఎర్ర ఉల్లి. రైల్వే కోడూరు వైపు వాళ్ళకి మంగంపేట ముగ్గురాయి ఉంది, ఆయిల్ బావులు తవ్వేవాళ్ళకి అది కావాలి. ఎర్రచందనం తీసుకున్నా మంచిదే, అది అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ (CITES) ఒప్పందంలో రెండో అపెండిక్స్‌లో ఉన్న చెట్టు కాబట్టి అంతర్జాతీయ ఒప్పందం, కస్టమ్స్, అటవీ చట్టం మూడూ ఒక్క దుంగ మీద కనిపిస్తాయి. కర్నూలు, నంద్యాల వాళ్ళకి బనగానపల్లె మామిడి, దానికి ఆ ప్రాంతం పేరుకి రక్షణ ఇచ్చే జీఐ ట్యాగ్ కూడా ఉంది.

నేను అరటి పట్టుకున్నా. తాడిపత్రి, పులివెందుల చుట్టూ జీ నైన్ రకం అరటి ఎంత పండుతుందో మీకు తెలుసు, 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ పోర్టుకి అరటి కంటైనర్లతో ఏకంగా రైలే పోయింది. మా మామకి తెలిసినోళ్ళ ప్యాక్‌హౌస్ ఒకటుంటే సెలవుల్లో పోయి నాలుగు రోజులు నిలబడినా. పచ్చి గెల దించి అత్తాలు కోస్తారు, పాలు కారుతుంటాయి, నీళ్ళ తొట్లో కడుగుతారు, ఒక ఆడమనిషి ఒక్కో అత్తం తిప్పి చూసి గీత పడింది పక్కన పడేస్తుంది, తూకం వేసి పల్చటి కవర్లో చుట్టి అట్టపెట్టెలో పేరుస్తారు. కంటైనర్ తలుపు మూసే ముందు లోపల ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ అంటిస్తారు, అరచేతిలో సగం ఉంటుంది, అది డేటా లాగర్, దారి పొడుగునా లోపలి టెంపరేచర్ రాసుకుంటా పోతుంది. అరటికి 13, 14 డిగ్రీలు ఉండాలి, పెరిగితే సముద్రం మీదే మాగిపోతుంది, మరీ తగ్గితే తొక్క నల్లబడుతుంది.

ఇప్పుడు ఆ పెట్టె దుబాయ్‌లో తెరిస్తే పండ్లు పసుపుగా ఉన్నాయి అనుకోండి. నష్టం ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని, ప్రతి సెమిస్టర్లో నేర్చుకున్నది దాని కింద చేర్చుకుంటా పోండి. నాది ఎట్లా నిండిందో చెప్తా.

ఇంటర్నేషనల్ బిజినెస్‌లో ఇన్‌కోటర్మ్స్ చెప్పినారు, అంటే ఖర్చు, రిస్కు అమ్మినోడి నుంచి కొన్నోడికి ఎక్కడ మారుతుందో చెప్పే షరతులు, 2020 వెర్షన్‌లో మొత్తం 11. రెండో ఏడు పరీక్షలో నేను సీఐఎఫ్ దుబాయ్ అంటే దుబాయ్ చేరేదాకా రిస్కు అమ్మినోడిదే అని రాసి మార్కులు పోగొట్టుకున్నా. చాలామంది ఇక్కడే పడతారు. సీఐఎఫ్‌లో అమ్మినోడు దుబాయ్ దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కడతాడు నిజమే, అయితే రిస్కు మాత్రం మన పోర్టులో సరుకు ఓడ మీద ఎక్కగానే కొన్నోడికి మారిపోతుంది. ఖర్చు ఒక చోట ఆగుతుంది, రిస్కు ఇంకో చోట మారుతుంది. ఓడ కిరాయి కొన్నోడే కట్టుకునే ఎఫ్‌ఓబీలో కూడా రిస్కు మారేది ఓడ మీదే. ఇంకా లోతుకి పోతే కంటైనర్ సరుకుకి అసలు ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ సరిపడవు, ఎందుకంటే మనం కంటైనర్‌ని టెర్మినల్‌లో అప్పగించి వచ్చేస్తాం, ఓడ ఎక్కేదాకా అక్కడ ఎండలో ఎన్నిరోజులున్నా అది మన నెత్తి మీదే ఉంటుంది, అందుకే సరుకు రవాణా వాడికి అప్పగించగానే రిస్కు మారే ఎఫ్‌సీఏ, సీఐపీ వాడమంటారు. బిజినెస్ పేపర్లో ఇది రాసి, పక్కనే సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 26వ సెక్షన్ కూడా రాయండి, వేరే ఒప్పందం లేకపోతే రిస్కు ఓనర్‌షిప్ వెంట పోతుందని చెప్పేది అదే.

తర్వాత బ్యాంకింగ్ వచ్చింది, లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ), అంటే కాగితాలు సరిగ్గా ఇస్తే అమ్మినోడికి డబ్బు కడతానని కొన్నోడి బ్యాంకు ఇచ్చే హామీ. బ్యాంకు అరటిని చూడదు, కాగితాలు చూస్తుంది. ఎల్‌సీలకి బ్యాంకులు పాటించే యూసీపీ 600 రూల్స్ ప్రకారం ఇన్‌వాయిస్‌లో సరుకు పేరు ఎల్‌సీలో రాసినదానికి సరిపోవాలి, తేడా ఉంటే డిస్క్రిపెన్సీ అని ఆపొచ్చు, చూసి చెప్పడానికి బ్యాంకుకి అయిదు బ్యాంకింగ్ రోజులు టైముంది. కాబట్టి పండు బంగారంలా ఉన్నా కాగితం తప్పితే డబ్బు ఆగుతుంది, పండు మాగిపోయినా కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు వస్తుంది. ఇది మొదట విన్నప్పుడు నాకు అన్యాయం అనిపించింది, అయితే మొహం తెలియని ఇద్దరు వ్యాపారం చేయాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదని ఆలోచిస్తే తెలుస్తుంది.

సాక్ష్యం పేపర్ వచ్చినప్పుడు ఆ డేటా లాగర్ గుర్తొచ్చింది. అందులో రికార్డు ఎలక్ట్రానిక్ సాక్ష్యం, కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో అది 65బీ. క్లాసులో అందరూ 65బీని సెల్‌ఫోన్ రికార్డింగుల కేసులతో చదివితే నేను అరటి పెట్టెతో చదివినా, మర్చిపోలేదు.

విదేశీ డబ్బు లావాదేవీల చట్టం ఫెమా వచ్చింది, ఎగుమతి డబ్బు ఎన్ని నెలల్లో ఇండియాకి రప్పించాలో ఆర్‌బీఐ గడువు పెడుతుంది, మారుస్తా ఉంటుంది కూడా, పరీక్ష ముందు తాజాది చూసుకోండి. ఫారిన్ ట్రేడ్ యాక్ట్ 1992 వచ్చింది, దాని కింద ఎగుమతి దిగుమతులకి ఇచ్చే ఐఈసీ కోడ్ లేకుండా ఎగుమతి చేయలేం. దేశాల మధ్య సరుకు అమ్మకాల ఒప్పందాలకి పెట్టిన వియన్నా సేల్స్ కన్వెన్షన్ వచ్చింది, 1980ది, ఇండియా అందులో చేరలేదు, కానీ కాంట్రాక్టులో ఏదైనా సభ్య దేశం చట్టం వర్తిస్తుందని రాసుకుంటే అది మన మీదికి కూడా రావొచ్చు.

చివర్లో గొడవ ఎక్కడ తేల్చుకోవాలి అన్నది. దుబాయ్ కోర్టు తీర్పు తెచ్చుకుంటే ఇక్కడ అమలవుతుందా? 2020 జనవరిలో మన ప్రభుత్వం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 44ఏ సెక్షన్ కింద నోటిఫై చేసింది, కాబట్టి ఆ డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు, 13వ సెక్షన్‌లో ఉన్న మినహాయింపులు చూసుకోవాలి. ఆర్బిట్రేషన్ అయితే, అంటే కోర్టు బదులు ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటే, ఆ తీర్పు అమలుకి 1958 న్యూయార్క్ కన్వెన్షన్, మన 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో రెండో భాగం చూడాలి. గల్ఫ్‌కి పోయినోళ్ళు ఇంటింటికీ ఉన్న కడప జిల్లాలో ఈ విషయం తెలిసిన లాయరుకి పని తక్కువవుతుందని నేను అనుకోను.

అట్లా ఒక్క పెట్టె మీద నా నోట్‌బుక్ 70 పేజీలయింది, ఫైనల్ ఇయర్ వైవాకి వేరే ఏమీ చదవలేదు.

జవాబు రాసేది

ముందు గొడవ ఏందో ఒక్క లైను, తర్వాత సెక్షన్, తర్వాత కేసు, ఆ తర్వాత ప్రశ్నలో ఉన్న మనుషుల పేర్లు పెట్టి దాన్ని అతికించడం, చివర ఎవరు గెలుస్తారో. ఎక్కువ చోటు అతికించడానికి ఇవ్వండి. కేసు పేరు గుర్తులేకపోతే జరిగిన కథ రాయండి, మైనర్ ఇల్లు తాకట్టు పెట్టిన 1903 నాటి ప్రివీ కౌన్సిల్ కేసు అని రాసినా దిద్దేవాళ్ళకి మోహరీ బీబీ అని అర్థమవుతుంది. తప్పు పేరు రాయడం కన్నా అది మేలు.

బిజినెస్ పేపర్లకి అకౌంట్స్, స్టాటిస్టిక్స్ వదిలేయకండి. లాయర్ని అయితాను కదా లెక్కలెందుకు అనుకుని సప్లీలు పెట్టుకున్నోళ్ళని చూసినా. వారానికి మూడు రోజులు గంట చొప్పున లెక్కలు చేతితో చేయండి, చూసి చదివితే రావు.

అటెండెన్సు, ఇంటర్న్‌షిప్

బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. మొత్తం మీద కాదు, ప్రతి సబ్జెక్టులో. నాతోపాటు రూమ్‌లో ఉన్న అబ్బాయికి ఒకే సబ్జెక్టులో తక్కువై పరీక్ష రాయనియ్యలేదు, ఆఫీసులో ముందు ఎవరూ చెప్పలేదు, ఏడాది పోయింది. నెలకోసారి మీ లెక్క మీరే రాసుకోండి.

అయిదేళ్ళలో 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, ఒక ఏడాదిలో ఏకధాటిగా నాలుగు వారాలకి మించి లెక్కలోకి రాదు, అంటే ఏడాదికి నాలుగు వారాల చొప్పున మొదటి ఏడు నుంచే మొదలుపెట్టాల్సిందే. నా సలహా, మొదటిది మీ జిల్లా కోర్టులో సివిల్ చేసే సీనియర్ దగ్గర చేయండి. పొద్దున పదింటికి పోయి ఆ రోజు కేసుల పట్టీ, అదే కాజ్ లిస్టు, చూసుకుని, ఆయన ఫైలు మోసి, వాయిదా ఎందుకు పడిందో డైరీలో రాసుకోండి. దావా వేసే కాగితం, అదే ప్లెయింటు, ఎట్లా ఉంటుందో చేత్తో తాకితేనే తెలుస్తుంది. మూడో ఏడు ఎగుమతి చేసే కంపెనీలో చేయండి. నాలుగో ఏడు హైకోర్టు లాయరు దగ్గరో ఆర్బిట్రేషన్ చేసే ఫర్మ్‌లోనో చూసుకోండి. వీలుంటే దీనికి తోడు ఒక వారం చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో కూర్చోండి, లెక్కలోకి రాకపోయినా పర్లేదు, కడప నుంచి రాత్రి ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు, కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు, ఓడ వాళ్ళు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ అసలు కాగితాలు చూస్తే పుస్తకంలో నెల చదివింది గంటలో ఎక్కుతుంది.

కాలేజీల్లో పెట్టే ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీ, మూట్ కోర్టుకి ఇంగ్లిష్ రాదని వెనక్కి పోవద్దు. వియన్నాలో ఏటా జరిగే విల్లెమ్ విస్ మూట్ మొత్తం ఇట్లాంటి సరుకు గొడవలే, ఆ పాత ప్రాబ్లమ్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, పోటీకి పోకపోయినా ఒకటి దించుకుని రెండు పక్షాలా రాసి చూడండి. మాట్లాడేటప్పుడు మెల్లగా మాట్లాడితే చాలు, యాస గురించి ఏ జడ్జీ మార్కులు కోయడు.

డిగ్రీ చేతికి వచ్చినాక ప్రాక్టీసుకి బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అవ్వాలి, ఆలిండియా బార్ ఎగ్జామ్ కూడా పాసవ్వాలి, 100 ప్రశ్నలు, జనరల్, ఓబీసీ వాళ్ళకి 45 శాతం వస్తే పాస్. కామెంటరీ లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకుపోనిస్తారు కాబట్టి మొదటి ఏట కొన్న బేర్ యాక్టుల మీద పెన్నుతో నోట్సు రాసి పాడుచేయకండి, రాసుకునేదంతా ఆ సరుకు నోట్‌బుక్‌లోనే రాసుకోండి.